‘రన్’ అనే మాటను జాబితాలతో నేర్చుకోలేరు

“ఇంగ్లీషులో ‘రన్’ అనే చిన్న మాటకు ఇన్ని అర్థాలు ఎందుకున్నాయి? వాటినీ, వాటి పర్యాయపదాలనూ గుర్తుపెట్టుకోవడానికి మంచి జాబితా ఏదైనా ఉందా?” అని మీరు అడిగారు. కడపలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి కనుక ఈ ప్రశ్నకు జవాబివ్వడం నా బాధ్యతగా భావిస్తున్నాను. జాబితాలు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 ముద్రణలో ‘సెట్’ అనే క్రియ నాలుగు వందలకు పైగా అర్థాలతో అన్నింటికంటే ముందుండేది. ఆ తర్వాతి సవరణలో ‘రన్’ దానిని దాటిపోయింది. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు సుమారు తొమ్మిది నెలలు ఆ ఒక్క మాట మీదే కూర్చుని, క్రియగా దానికి 645 అర్థాలను వేరుచేశాడు. కాళ్లతో పరుగెత్తడంతో మొదలైన మాట నీటికి, రైలుకు, మిల్లుకు, దుకాణానికి, ప్రభుత్వానికి, చివరకు కంప్యూటర్ ప్రోగ్రాముకు కూడా పాకింది. వాటన్నింటినీ వరుసగా అప్పజెప్పగల ఇంగ్లీషువాడు ఒక్కడూ ఉండడు. అయినా ఏ ఒక్కరూ తడబడకుండా ఆ మాటను వాడుతూనే ఉన్నారు. ఇందులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

మిగతా సగం నాకు ఒక విద్యార్థిని వల్ల స్పష్టమైంది. ఆ అమ్మాయిది మైదుకూరు వైపు కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద ఉన్న పల్లె. తండ్రి వరి, పసుపు పండించే రైతు. ఒక కోచింగ్ సంస్థ పెట్టిన నమూనా పరీక్షలో ‘ద కెనాల్ రన్స్ త్రూ అవర్ విలేజ్’ అనే వాక్యమిచ్చి, అందులో ‘రన్స్’కు బదులుగా సరిపడే మాటను గుర్తించమన్నారు. ఇచ్చిన నాలుగింటిలో ‘ఫ్లోస్’ (పారుతుంది), ‘పాసెస్’ (గుండా పోతుంది) రెండూ ఉన్నాయి. ఈ అమ్మాయి ‘పాసెస్’ గుర్తించింది. జవాబుల కీలో ‘ఫ్లోస్’ అని ఉంది. తప్పుకు కోత వేసే పరీక్ష కనుక వచ్చే మార్కు రాకపోగా, ఉన్న మార్కుల్లోనూ కొంత పోయింది. ఆమె ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, “సార్, ఎండాకాలం మా కాలవలో చుక్క నీళ్లుండవు, గొర్రెలు తోలుకుని పోతాంటారు. అది పారతాందని నేను ఎట్ల రాసేది?” అని అడిగింది. ఆ గొంతులో దుఃఖం లేదు, కోపముంది. ఆ కోపం పూర్తిగా న్యాయమైనదని ఇప్పటికీ అంటాను.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే ఆ కాలువ కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా వస్తుంది. కాలువ ‘రన్స్’ అన్నప్పుడు అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా సాగుతుందో, ఏ ఊరి గుండా పోతుందో చెబుతున్నామే తప్ప అందులో నీరున్నదో లేదో చెప్పడం లేదు. గేట్లు ఎత్తి నీళ్లు వదిలిన రోజూ ఆ వాక్యం నిజమే, అడుగున మట్టి నెర్రెలు విచ్చిన రోజూ నిజమే. ‘వాటర్’ లాంటి మాట పక్కన చేరినప్పుడే ‘రన్స్’కు పారడం అనే అర్థం వస్తుంది. కాలువనూ నీటినీ వేరుచేసి చూడగలిగింది ఆ రైతుబిడ్డ. ప్రశ్నపత్రం తయారు చేసినవారు చూడలేకపోయారు. నేను ఆ సంస్థకు వెళ్లి ఇదంతా వివరంగా చెప్పాను. వారు ఒక గైడు తెరిచి, ‘రన్’ ఎదురుగా ‘ఫ్లో’ అని అచ్చులో ఉన్న వరుసను చూపించి, కీలో ఉన్నదే చెల్లుతుందని నన్ను పంపేశారు. ఒకరు వేసిన గైడును మరొకరు మక్కికి మక్కి దించుకుంటూ పోయే ఈ వ్యాపారంలో మాటను వాక్యంలో పెట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఫీజులు కట్టేవారు మాత్రం పంట అమ్మిన డబ్బు తెచ్చి కడుతున్నారు.

నిజానికి ఈ రహస్యం తెలుగువారికి కొత్తది కాదు. మన ‘ఆడు’ అనే క్రియను చూడండి. పిల్లలు ఆడతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, గానుగ ఆడిస్తాం, పిండి ఆడిస్తాం, గదిలో గాలి ఆడదు, రోగికి ఊపిరి ఆడదు, సంతలో బేరమాడతాం, కోర్టులో అబద్ధమాడతారు, భయం వేస్తే కాలూ చెయ్యీ ఆడవు. వీటిని మనకెవరూ జాబితా రాసి ఇవ్వలేదు. ఊపిరి పక్కన ‘ఆడు’ ఒక పని చేస్తుందని, బేరం పక్కన మరో పని చేస్తుందని ఆ జంటలను విని విని నేర్చుకున్నాం. ‘ఆడు’కు ‘క్రీడించు’ పర్యాయపదమని బట్టీపట్టిన పరదేశి ఎవరైనా ‘ఊపిరి క్రీడించడం లేదు’ అని రాస్తే ఎలా ఉంటుందో, మన పిల్లలు జాబితా చూసి రాసే ఇంగ్లీషు అలాగే ఉంటోంది. సంపూర్ణమైన పర్యాయపదమనేది ఏ భాషలోనూ లేదని నేను ఖచ్చితంగా చెబుతాను.

పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లీషు వైద్యుడు తన ప్రసిద్ధ ‘థెసారస్’ను, అంటే దగ్గరి అర్థాల మాటల కోశాన్ని, 1852లో ప్రచురించాడు. అందులో మాటలను అక్షరక్రమంలో కాక భావాల వరుసలో గుంపులుగా అమర్చాడు. ఇంగ్లీషు బాగా తెలిసి, నోటి చివర ఉన్న మాట అందక వెతుక్కునేవారికి అది ఉపకరిస్తుంది. దానిని నేర్చుకునేవారి పాఠంగా మార్చడమే అసలు పొరపాటు. ఒకప్పుడు మా కడపలోనే ఉండి తెలుగు గ్రంథాలను ఉద్ధరించిన సి.పి. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా 1852లోనే మద్రాసులో వెలువడింది. ఆయన అర్థమిచ్చి ఊరుకోకుండా, కావ్యాల నుంచీ జనం మాటల నుంచీ ప్రయోగాలను ఏరి పక్కనే ఉంచాడు. తెలుగును పరాయి భాషగా నేర్చుకున్న మనిషికి నేర్చుకునేవాడి కష్టం తెలుసు. అలాగే ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధించిన అనుభవంతో సహచరులతో కలిసి రూపొందించగా, 1942లో టోక్యోలో అచ్చయిన నిఘంటువు పరభాషల వారి కోసమే పుట్టింది. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువుకు మూలం అదే. మీరు గైడులకు పెట్టే డబ్బు దానికి పెట్టండి.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఎన్నికల్లో పోటీచేసేవారు అమెరికాలో ‘రన్’ అవుతారు, ఇంగ్లండులో ‘స్టాండ్’ అవుతారు. మనమూ ‘ఫలానావారు ఎమ్మెల్యేగా నిలబడ్డారు’ అనే అంటాం. అక్కడ పరుగెత్తడమూ నిలబడడమూ ఒకే పని. క్రికెట్‌లో బంతి నేలను తాకి బౌండరీ దాటితే బ్యాటరు పరుగెత్తకపోయినా నాలుగు ‘రన్స్’ వస్తాయి. ఇలాంటివి ఏ పట్టికలోనూ ఇమడవు.

కనుక ఒక నోటుపుస్తకం తీసుకుని, అర్థాలకు బదులు జంటలు రాసుకోండి. దుకాణంతో ‘రన్’ వస్తే నడపడం, అక్కడ ‘మేనేజ్’ సరిపోతుంది. మోటారుతో వస్తే ‘ఆపరేట్’ పనికివస్తుంది. ముక్కుతో వస్తే కారడం, బట్ట రంగుతో వస్తే ఉతికినప్పుడు రంగు దిగడం. బ్యాంకు మీద ‘రన్’ అంటే ఖాతాదారులందరూ ఒక్కసారిగా డబ్బు వెనక్కు తీసుకోవడానికి ఎగబడడం. ప్రతి జంట కిందా మీ ఊరి విషయంతోనే సొంతంగా ఒక వాక్యం రాయండి. మా తరగతిలో ఇప్పుడు పిల్లలతో రాయించే మొదటి వాక్యం కె.సి. కాలువ గురించే, దానిలో ‘రన్స్’ తీసి ‘ఫ్లోస్’ పెట్టడం ఏ నెలలో కుదురుతుందో, ఏ నెలలో కుదరదో వారే పక్కన రాయాలి.