ఓపీలో గంటలు ఎక్కడ పోతున్నాయో ముందు చూడు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

ఏరియా ఆసుపత్రి బాధ్యత చేతికి రాగానే అందరూ చెప్పేది ఒకటే: డాక్టర్లు చాలరు, పోస్టులు అడగమని. అడుగు, తప్పులేదు. ఈలోగా ఓ వారం పాటు ఒక పని చేయించు. గేటు దగ్గర ప్రతి పదో మనిషికీ, వచ్చిన టైము రాసి చిన్న స్లిప్పు ఇప్పించు. దాని మీదే చీటీ తీసుకున్న టైము, డాక్టరు గదిలోకి వెళ్లిన టైము, రక్తం ఇచ్చిన టైము, మందులు అందిన టైము పడాలి. మందుల కిటికీ దగ్గర స్లిప్పు వెనక్కి తీసుకోవాలి. ఇవన్నీ ఓపీ చీటీ మీదే రాయిస్తే అది రోగితోపాటు ఇంటికెళ్లిపోతుంది, నీ చేతిలో ఏమీ మిగలదు. గేటు దగ్గరి టైము మాత్రం తప్పనిసరి. చీటీ టైము నుంచి లెక్క మొదలెడితే అంతకుముందు వరండాలో నిలబడ్డ గంటన్నర ఎక్కడా కనపడదు.

ఆ గంటన్నరే అసలు జబ్బు. లంకల వాళ్లు తొలి పంటు మీద ఏరు దాటి, తొలి బస్సు పట్టుకుని ఏడున్నరకే వచ్చేస్తారు. కవుంటరు తొమ్మిదికి తెరిచేసరికి 80 మంది ఉన్నారనుకో. చీటీకి నిమిషంన్నర చొప్పున గంటకి 40. చివరి మనిషికి చీటీ అందేసరికి పదకొండు. అదే కవుంటరు ఎనిమిదికి తెరిస్తే ఆ చివరి మనిషి పదింటికల్లా డాక్టరు గుమ్మంలో ఉంటుంది. దీనికి కొత్త మనిషి అక్కర్లేదు. ఆపరేటర్లలో ఒకరిని గంట ముందు రప్పించి, గంట ముందు పంపెయ్. ఫోనున్న కుర్రాళ్లకి ఆభా (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా) క్యూఆర్ కోడు గోడకి అంటించు, స్కాన్ చేస్తే వివరాలు కంప్యూటర్లోకి వాటంతటవే వస్తాయి. ఫోను లేని ముసలమ్మని మాత్రం దాని పేరు చెప్పి వెనక్కి నెట్టనివ్వకు. నెట్ పోయిన రోజుకి నంబర్లు వేసిన టోకెన్ పుస్తకం సొరుగులో ఉంచు.

చీటీలు తొందరగా ఇచ్చి, డాక్టర్లు రౌండ్స్ ముగించుకుని పదింటికి కూర్చుంటే క్యూ ఒక గది నుంచి ఇంకో గదికి మారినట్టే. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా, పోయిన గంటకి ఒక్కో గదిలో 12 మంది వెనకబడతారు. రౌండ్స్ తొమ్మిదిలోపే అయిపోవాలి. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకో. జనం చెదురుమదురుగా వస్తారు, ఒకరికి రెండు నిమిషాలు పడితే ఇంకొకరికి పది. అందుకని గంటకి 12 మందిని చూడగల గదికి తొమ్మిదిమంది వస్తే సగటున పావుగంట కూర్చుంటారు. పదకొండుమంది వస్తే ఆ పావుగంట కాస్తా 55 నిమిషాలవుతుంది. ఇద్దరు పెరిగితే ఎంత తేడా చూడు! స్టాఫుకి తెలిసినవాళ్లు వెనక తలుపులోంచి దూరేది సరిగ్గా ఇక్కడే. వాళ్లని మాన్పించడం నీవల్ల కాదు. పన్నెండు దాటాక రమ్మను, అంతే.

ఆ ఇద్దరినీ తగ్గించాలంటే నెలనెలా బీపీ, షుగరు మాత్రలకి వచ్చేవాళ్ల దగ్గర మొదలెట్టు. నిలకడగా ఉన్నవాళ్లకి మందులు ఊళ్లోని విలేజ్ క్లినిక్కులోనే అందేలా అక్కడి నర్సమ్మ, అదే ఏఎన్ఎంతో మాట్లాడు. మిగతావాళ్లకి ఊరికో రోజు కేటాయించు. సోమవారం వద్దు, గర్భిణుల పరీక్షలుండే తొమ్మిదో తారీఖూ వద్దు. తేదీతోపాటు గంట కూడా చెప్పాలి. ఊరంతటినీ తొమ్మిదింటికే రమ్మంటే మళ్లీ మొదటికే వస్తుంది.

ల్యాబు సంగతి. ర్యాకు నిండేదాకా శాంపిళ్లు ఆపి ఒకేసారి మిషను తిప్పడం టెక్నీషియన్లకి అలవాటు. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తకణాల పరీక్షకి గడ్డ కట్టే పనే లేదు, వచ్చింది వచ్చినట్టు మిషనుకి పెట్టొచ్చు. సీరం (రక్తం గడ్డ కట్టాక మిగిలే ద్రవం) కావలసినవాటికి అరగంట గడ్డ కట్టాలి, వాటినే బ్యాచిగా తిప్పాలి. షుగరుకి బూడిదరంగు మూత ట్యూబే వాడమను. మామూలు ట్యూబులో ఉంచేస్తే గంటకి ఐదారు శాతం తగ్గిపోతుంది, తప్పుడు రిపోర్టు వస్తే ఆ మనిషి ఇంకోసారి క్యూలో నిలబడాలి. పరగడుపున వచ్చినవాళ్ల రక్తం చీటీ రాయగానే తీయించెయ్, పాపం టిఫినైనా తింటారు. రిపోర్టు చేతికొచ్చినవాళ్లని మళ్లీ క్యూ చివరికి పంపకు. ఇద్దరు కొత్తవాళ్ల తర్వాత ఒక రిపోర్టు మనిషి, అదీ వరస.

మందుల గదిలో టైము తినేది మాత్రల పట్టీలు లెక్కపెట్టి కోసే కత్తెర. ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. 30 మాత్రలు, మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. 60 మాత్రలు ముందురోజు మధ్యాహ్నమే కవర్లలో కట్టించు. కవరు మీద బ్యాచి నంబరు, గడువు తేదీ రాయకపోతే ఆడిటులో నువ్వే దొరుకుతావు.

క్యూ ఎంత బాగా నడిచినా అందులో ఆగకూడనివాళ్లు కొందరుంటారు. వరండాలో ఒక స్టాఫ్ నర్సు, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉండాలి. ఆక్సిజన్ 94 కన్నా తక్కువున్నా, గుండెల్లో నొప్పన్నా, గర్భిణికి బీపీ 140/90 దాటినా టోకెన్ అడగకుండా క్యాజువాల్టీకి తీసుకెళ్లాలి. ఈ పని ఇద్దరికి నేర్పు. ఒక్కరికే నేర్పితే ఆవిడ సెలవు పెట్టిన రోజున ఏర్పాటంతా మూలపడుతుంది.

సార్వా ఊడ్పులయ్యాక జ్వరాలు మొదలవుతాయి. ఆలోపే స్లిప్పుల పని ముగించు. వందో నూటయాభయ్యో పోగయ్యాక నాకు పంపు, ఏ రెండు టైముల మధ్య ఎక్కువ పోతోందో చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య