పైరులో కనిపించే కోట

ప్రశ్న: బ్రిటన్‌లో 2018 వేసవిలో వానలు లేక పొలాలు ఎండిపోయినప్పుడు, నేలలో కలిసిపోయిన పాత కట్టడాల ఆకారాలు విమానం నుంచి తీసిన ఫొటోల్లో బయటపడ్డాయని చదివాను. మట్టి కింద ఉన్న కొండకోట ఆకాశం నుంచి ఎలా కనిపిస్తుంది? అది కోటేనని ఎలా గుర్తిస్తారు? మన పొలాల్లోనూ ఇలా వెతకవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొండకోట అనగానే మనకు గోల్కొండ, కొండపల్లి వంటి రాతిగోడలు, బురుజులు కళ్ల ముందు మెదులుతాయి. బ్రిటన్‌లోని ఇనుపయుగపు కొండకోటలు చాలావరకు అలాంటివి కావు. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో అక్కడి జనం గుట్ట చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే లోపలివైపు ఎత్తయిన కట్టగా పోసి, లోపల గుండ్రటి ఇళ్లు వేసుకున్నారు. డోర్సెట్‌లోని మెయిడెన్ కాజిల్‌లో ఆ కట్టలు నేటికీ నిలిచి ఉన్నాయి. దుక్కికి అనువైన చిన్న గుట్టల మీది కోటలను మాత్రం శతాబ్దాల పాటు నాగలి, ఆ తరువాత ట్రాక్టరు చదును చేశాయి. కట్ట కరిగి కందకంలోకి జారింది. పైకి చేను తప్ప మరేమీ కనబడదు.

అయితే కందకం పూడిందే తప్ప పోలేదు. సుద్దనేలలోకో కంకరనేలలోకో లోతుగా తవ్విన ఆ గుంటలో చేరింది తేమను పట్టి ఉంచే మెత్తటి మట్టి. వానలు సరిగా పడిన ఏడాది చేనంతా ఒకే పచ్చగా ఉంటుంది. జూన్, జులై నెలల్లో వాన మొహం చాటేస్తే, పక్కనున్న పలచటి మట్టిలో బార్లీ పసుపు తిరుగుతున్నా, కందకం మీది మొక్కలు వేళ్లను లోతుకు దించి తేమ అందుకుని, ఏపుగా, ముదురాకుపచ్చగా నిలిచి, ఆలస్యంగా పండుతాయి. పాతిపోయిన రాతిగోడ మీద ఇందుకు విరుద్ధంగా పైరు గిడసబారుతుంది. గట్టు మీద నిలబడినవారికి కొన్ని వెన్నులు కాస్త ఎత్తుగా ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. ముగ్గు మీద నడిచే చీమకు ముగ్గు ఆకారం తెలియనట్లే.

ఈ పద్ధతి విలువ వందేళ్ల కిందటే తేలింది. 1925లో గిల్బర్ట్ ఇన్‌సాల్ అనే వైమానిక దళ అధికారి స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి కట్టడం సమీపంలో ఒక వలయాన్ని విమానం నుంచి గమనించారు. మరుసటి వేసవిలో గోధుమ పెరిగాక, ఆ వలయం లోపల నల్లటి చుక్కల వరుసలు కనబడ్డాయి. తవ్వి చూస్తే అవి ఒకప్పుడు కొయ్యస్తంభాలు నిలబెట్టిన గుంతలు. అదే నేటి వుడ్‌హెంజ్. అది కోట కాదు, కోటల కంటే ప్రాచీనం. కానీ పైరు అబద్ధం చెప్పలేదని తవ్వకంతో రుజువు కావడం అందరికీ ధైర్యమిచ్చింది.

ఇక గుర్తించడం దగ్గరే అసలు కష్టం ఉంది. ముదురు గీత కనబడగానే కోట అనడం తొందరపాటు. పాత పొలం సరిహద్దు, పూడ్చిన పైపులైను, మంచుయుగంలో నేల బీటలువారి ఏర్పడిన పగుళ్లు కూడా ఇలాగే గీతలు గీస్తాయి. అందుకే పరిశీలకులు ఫొటోను ఎత్తుపల్లాలు చూపే పటంతో సరిపోల్చి, గీత గుట్ట వాలును అనుసరించి చుట్టూ తిరుగుతున్నదా, రెండు మూడు వలయాలు సమాంతరంగా ఉన్నాయా, ద్వారం కోసం ఒకేచోట అన్నీ తెగుతున్నాయా అని చూస్తారు. లోపల ఇళ్ల గుండ్రటి జాడలు, ధాన్యం దాచిన గుంతల చుక్కలు కనబడితే నమ్మకం బలపడుతుంది. ఒక ఏడు కనబడని ద్వారం మరో ఏడు, మరో పంటలో కనబడవచ్చు కనుక ఏళ్ల తరబడి ఫొటోలు తీయడం తప్పదు. అంత చేసినా ఫొటో సాక్షి మాత్రమే. కాలం తేలాలంటే తవ్వి, బొగ్గునో ఎముకనో పరీక్షించాల్సిందే. బ్రిటన్, ఐర్లండ్‌ల కొండకోటలకు 2017లో వెలువడిన అట్లాసు 4,147 స్థలాలను నమోదు చేసింది. వాటిలో పైరు గుర్తుల ద్వారానే తెలిసినవీ ఉన్నాయి.

మన విషయానికి వస్తే, మీ తెనాలి ప్రాంతపు వరిమడులలో ఈ జాడలు వెతకడం దండగ. నీరు నిలిచిన మడిలో అన్ని వేళ్లకూ తేమ సమానంగా అందుతుంది. మెట్టపంటలు వేసే పలచటి నేలల్లో, వాన తక్కువైన ఏట, ఉపగ్రహ చిత్రాలను ఓపికగా చూస్తే ఆశ ఉంది. వాటి కంటే ముందు మీ ఊళ్లో పాటిదిబ్బ, అంటే పాతకాలపు ఊరు శిథిలమై మిగిలిన మట్టిదిబ్బ, ఎక్కడుందో పెద్దలను అడగండి. ఎరువుగా పాటిమన్ను తోలుకుపోయిన చోట కుండపెంకులు తేలితే, వాటిని కదపకుండా, ఉన్నచోటనే ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి.