పరుగు మొదలెట్టాక పిక్కలు పట్టేస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 43. బట్టల షాపులో పని, రోజంతా నిలబడే ఉంటాను. నెల రోజులుగా పొద్దున్నే లేచి, కాఫీ తాగి, గ్రౌండుకెళ్లి ఆగకుండా అరగంట పరుగెత్తుతున్నాను. ముందు వంగి కాలివేళ్లు పట్టుకుని బాగా సాగదీసుకుంటాను కూడా. అయినా పిక్కలు రాయిలా బిగుసుకుపోతున్నాయి, ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయి. వయసైపోయినట్టేనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: వయసు గురించి టెన్షన్ పెట్టుకోకండి. మీరు సాగదీయడం మంచిదే కానీ, వేళ తప్పింది. నిద్ర లేచిన ఒంటిని పట్టి లాగేకన్నా ముందు వేడెక్కించాలి. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, మోకాళ్లు పైకెత్తుతూ, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపి, అప్పుడు పరుగు. అదీ ఏకబిగిన వద్దు, రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మొదటి నెలలోనే ఆగకుండా అరగంట అంటే పిక్కల మీద చాలా భారం.

పరుగయ్యాక గోడ దగ్గరికి రండి. రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మడమ నేల మీంచి లేవకుండా, మోకాలు వంగకుండా మెల్లగా ముందుకు వాలితే పిక్కలో లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం పుట్టకూడదు. ఊపిరి బిగబట్టకుండా 30 సెకన్లు ఉండి కాలు మార్చండి. తర్వాత వెనక మోకాలు కాస్త వంచి మళ్లీ అదే చేయండి, లోపలి కండరానికి అది కావాలి. దీంతో మర్నాటి నొప్పులు మాయమవుతాయని చెప్పను, కొత్తలో రెండు మూడు రోజులు ఉంటాయి. రోజూ చేస్తే కాలు సులువుగా కదలడం కొన్ని వారాల్లో మీకే తెలుస్తుంది.

ఇక కళ్లు తిరగడం. రాత్రి ఎనిమిదింటికి తిన్నారనుకున్నా, పొద్దున ఆరుకి పది గంటలైంది, మధ్యలో కాఫీ ఒక్కటే! బయల్దేరే అరగంట ముందు ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో తిని గ్లాసుడు నీళ్లు తాగండి. వచ్చాక గంటలోపు కడుపునిండా టిఫిన్ చేయండి. ఉత్త ఇడ్లీ చట్నీతో సరిపెట్టకండి, పెసరట్టు గానీ, ఇడ్లీతో పాటు రెండు గుడ్లు గానీ ఉండాలి, గుడ్డుకి సుమారు 6 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. మధ్యాహ్నం పప్పు, పెరుగు మానకండి.

షుగరుకో బీపీకో మందులు వాడుతుంటే, లేదా తిని వెళ్లినా కళ్లు తిరుగుతుంటే, పరుగు ఆపి డాక్టరుకి చూపించుకోండి. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే అది వ్యాయామం నొప్పి అనుకుని నూనె రాసి మర్దనా చేయకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.