విజిట్‌కు 300 అంటే గంటకు 150

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి సొంతంగా కంప్యూటర్ సర్వీస్ చేస్తున్నాను. మిర్చి యార్డు కమీషన్ కొట్లకు, క్లినిక్‌లకు బిల్లింగ్ ప్రోగ్రాములు కూడా రాసిస్తాను. విజిట్‌కు 300, ప్రోగ్రాముకు 15 వేలు. మంచి నెలలో 35 వేలు, లేదంటే 18 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 28 వేలు. లోన్ యాప్‌కు, క్రెడిట్ కార్డుకు కలిపి నెలకు 6,500 కడుతున్నాను. పొదుపు లేదు. ఎంత రేటు అడగాలి? 2 లక్షల పర్సనల్ లోన్‌తో అరండల్‌పేటలో షాపు పెట్టనా?

జవాబు: షాపు వద్దు. ఉన్న అప్పే ఇంటి ఖర్చులోంచి కడుతుంటే ఇంకో ఈఎంఐ, పైన షాపు అద్దె ఎక్కడినుంచి తెస్తారు? కార్డులో మినిమమ్ కట్టి మిగతాది నెట్టేస్తే చాలా కార్డులు నెలకు 3 శాతం పైనే వడ్డీ వేస్తాయి. దయచేసి అది ఆపండి.

రేటు దగ్గర మీలాంటివాళ్లు చాలామంది చేసే తప్పు, పాత జీతాన్ని రోజులతో భాగించి ఒక అంకె చెప్పేయడం, అదీ పక్కవాడి రేటుకన్నా కాస్త తగ్గించి. మీ ఖర్చు నుంచి లెక్క వేయండి. ఏడాదికి ఇంటికి 3,36,000. అప్పుకు 78,000. పెట్రోలు, నెట్, కొత్త ల్యాప్‌టాప్ కోసం 60,000 అనుకుందాం, ఇన్సూరెన్స్‌లకు 30,000. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,68,000, రెండేళ్లలో పక్కన పడాలంటే ఏడాదికి 84,000. మొత్తం 5,88,000. రోజంతా తిరిగినా బిల్లు పడేది నాలుగు గంటలకే, మిగతాదంతా ట్రాఫిక్‌లో, ఫోన్లలో, బాకీల కోసం తిరగడంలో పోతుంది. నెలకు 100 గంటలు, పదకొండు నెలలకు 1,100. గంటకు 535, మీరు 550 అడగండి. రానూపోనూ కలిపి రెండు గంటలు పట్టే విజిట్‌కు 300 అంటే గంటకు 150 పడుతోంది. 40 గంటలు పట్టే ప్రోగ్రాము 22 వేలకు తగ్గకూడదు, సగం అడ్వాన్సు, మార్పులు రెండుసార్లు దాటితే విడిగా బిల్లు. తర్వాత సపోర్టుకు ఏఎంసీ, అంటే ఏడాదికింత అని నిర్వహణ ఒప్పందం, పెట్టండి.

ఆ 84,000 మాత్రం లెక్కలోంచి తీసేయకండి. గట్టిగా రేటు చెప్పలేకపోతున్నది అది లేకే. రేపటి పాలవాడికి, స్కూలు ఫీజుకు డబ్బు లేనప్పుడు కొట్టాయన "మూడొందలిస్తాలే" అంటే కాదనలేం. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు, కొట్లవాళ్ల పని ఆగుతుంది, మీరు మళ్లీ యాప్ తెరుస్తారు. నా దగ్గరికొచ్చే సొంత పనివాళ్లలో ఎక్కువమంది అప్పు మొదలైంది ఇలాంటి ఖాళీ నెలలోనే. ముందు 28 వేలు విడి సేవింగ్స్ ఖాతాలో వేయండి, తర్వాత కార్డు, యాప్ తీర్చేయండి, ఆ 6,500 కూడా అదే ఖాతాకు మళ్లించండి. చీటీలో వేయకండి, అవసరం పడిన రోజున పాట తగ్గించుకుని తీసుకోవాల్సొస్తుంది.

ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ, మీకు టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ టెన్షన్ అక్కర్లేదు. షేర్లు, ఫండ్లు తర్వాత చూద్దాం.

కొత్త కస్టమర్లకు రేపటినుంచే 550 చెప్పండి. పాతవాళ్లకు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అని ఇప్పుడే వాట్సాప్ పెట్టండి, ఒకరిద్దరు మానేసినా ఆ గంటలు మీకు మిగులుతాయి.