సందేహాలు – సమాధానాలు: శాంతాక్లాజా, సాంటాక్లాజా?

సందేహం: ఒక పత్రికకు వచ్చే వ్యాసాలు దిద్దుతుంటాను. డిసెంబరు వచ్చిందంటే ఒకే మనిషి ‘శాంతాక్లాజ్’, ‘శాంటాక్లాజ్’, ‘క్రిస్మస్ తాత’ అని మూడు రకాలుగా కనిపిస్తాడు. ఏది సరైనది? ‘తాత’ అన్నది మనం కల్పించుకున్నదేనా? ‘ఎక్స్‌మస్’ అని రాస్తే క్రీస్తు పేరు తీసేసినట్టేనా? ‘ముగ్గురు రాజులు’ అనాలా, ‘ముగ్గురు జ్ఞానులు’ అనాలా?

సమాధానం: ‘సాంటాక్లాజ్’ అని రాయండి. ‘శాంటాక్లాజ్’ వాడుకలో బాగా పాతుకుపోయింది కాబట్టి దాన్ని కొట్టేయనక్కరలేదు. ‘శాంతాక్లాజ్’ మాత్రం వద్దు. ఇంగ్లీషు ‘టి’ తెలుగులో ‘ట’ అవుతుంది తప్ప ‘త’ కాదు. టికెట్టు, టీచరు, స్టేషను అన్నీ అలా వచ్చినవే. హిందీలో ఈ పేరును ‘సాంతా’ అని దంత్యంతో రాస్తారు. మన దగ్గర ‘త’ రావడానికి అదొక దారి అయివుండాలి. తెల్లగడ్డంతో నవ్వుతూ ఉండే ఆ ముఖాన్ని చూసి ‘శాంతం’ అనే మాట గుర్తుకురావడం ఇంకో దారి. పేరుకు మాత్రం శాంతంతో ఏ చుట్టరికమూ లేదు.

పేరు డచ్చివాళ్లది. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో దెమ్రె అనే ఊరు ఉంది. పూర్వం దాని పేరు మైరా. నాలుగో శతాబ్దంలో అక్కడ బిషప్పుగా ఉన్నవారు నికొలాస్. గ్రీకులో ‘నికే’ అంటే విజయం, ‘లావోస్’ అంటే జనం. మనం పేరును ముద్దుగా కుదిస్తే సాధారణంగా మొదటి భాగం మిగుల్చుకుంటాం, సుబ్బారావు సుబ్బు అవుతాడు. డచ్చివాళ్లు ఇక్కడ చివరి భాగం మిగుల్చుకున్నారు. నికొలాస్ వాళ్ల నోట ‘క్లాస్’ అయ్యాడు. ముందు పునీతుడు అనే అర్థంలో ‘సింట్’ చేరి ‘సింటర్‌క్లాస్’ అయింది. డచ్చివాళ్లు స్థిరపడిన న్యూయార్కు ప్రాంతంలో ఇంగ్లీషు నోళ్లలో పడి అదే ‘సాంటాక్లాజ్’గా మారింది. స్పానిష్, ఇటాలియన్ భాషల్లో ‘సాంతా’ అంటే పునీతురాలు, స్త్రీల పేర్ల ముందు వచ్చే మాట. ఆ మాటా ఇదీ ఒకటి కావు. అందుకే ‘సాంటా’ను ‘క్లాజ్’ను విడదీసి అర్థం చెప్పబోవద్దు, కలిపి ఒకే పేరుగా రాయండి.

ఇక తాత సంగతి. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ‘క్రిస్మస్ తాత’ అన్నది ‘సాంటాక్లాజ్’కు అనువాదం కాదు. ఇంగ్లండులో నికొలాస్‌తో సంబంధం లేకుండా ‘ఫాదర్ క్రిస్మస్’ అనే ఇంకొక మనిషి ఉన్నాడు. పండుగనే మనిషిగా ఊహించుకుంటే వచ్చిన పాత్ర అది. పదిహేనో శతాబ్దపు పాటల్లోనే పండుగను ‘సర్ క్రిస్మస్’ అని పిలిచి స్వాగతం చెప్పారు. 1616లో నాటకకర్త బెన్ జాన్సన్ రాజుగారి కొలువులో ఆడించిన ప్రదర్శనలో ఆ పాత్ర గడ్డంతో రంగం మీదికి వచ్చింది. అప్పటికి అతనికి పిల్లలతోనూ కానుకలతోనూ పని లేదు. విందు, ఆట, పాట, పెద్దల సంబరం, ఇదే అతని లోకం. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దు చేసింది. బైబిల్లో దీనికి ఆధారం లేదని ప్యూరిటన్లు అనే కఠిన ప్రొటెస్టెంట్ల వాదన. ఆ రోజుల్లో పండుగ తరఫున కరపత్రాలు రాసినవాళ్లు ఈ పాత్రను ఊరినుంచి తరిమేసిన ముసలాయనగా చూపించారు. అమెరికానుంచి సాంటాక్లాజ్ వచ్చి ఇతనితో కలిసిపోయింది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే. ఫ్రెంచివారి ‘పేర్ నొయెల్’ కూడా క్రిస్మస్ తండ్రే. రష్యావారి ‘దేద్ మరోజ్’ అయితే అచ్చంగా ‘మంచు తాత’. కాబట్టి తండ్రి అనాలా తాత అనాలా అన్నది ఆయా భాషల ఇష్టం. నెరిసిన గడ్డాన్ని చూసి తెలుగు తాత అంది. నిస్సంకోచంగా వాడండి.

అయితే దిద్దేవారు ఒకచోట జాగ్రత్తపడాలి. ‘సాంటాక్లాజ్ నాలుగో శతాబ్దంలో టర్కీలో పుట్టాడు’ లాంటి వాక్యాలు వస్తుంటాయి. అక్కడ పేరు మార్చండి. మైరాలో ఉన్నది బిషప్ నికొలాస్. కథోలికుల వాడుక ప్రకారమైతే ‘పునీత నికొలాస్’. ఆయన పండుగ డిసెంబరు 6న. అస్థికలను 1087లో ఇటలీలోని బారీ పట్టణానికి తరలించారు. ఆయన గురించి చెప్పే కథల్లో బాగా పేరున్నది ముగ్గురు అక్కచెల్లెళ్లది. కట్నం ఇవ్వలేని తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రిళ్లు కిటికీలోంచి బంగారపు మూటలు విసిరాడని పాత కథనం. పొగగొట్టం, ఆరబెట్టిన మేజోడు ఆ కథలోకి తరవాత వచ్చి చేరాయి. నెదర్లాండ్స్‌లో ఇప్పటికీ సింటర్‌క్లాస్ బిషప్పు టోపీ, చేతికర్రతో తెల్లగుర్రం మీద వస్తాడు, కానుకలిచ్చేది డిసెంబరు 5 రాత్రి. ఆకాశంలో మంచుబండి, దాన్ని లాగే ఎనిమిది ధ్రువపు జింకలు మాత్రం న్యూయార్కు రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో 1823 డిసెంబరు 23న అచ్చయిన ఒక కవితనుంచి వచ్చాయి. థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు 1863నుంచి పత్రికల్లో గీసిన బొమ్మలు ఆ రూపాన్ని స్థిరపరిచాయి, ఉత్తర ధ్రువంలో ఇల్లు కూడా ఆయన బొమ్మలతోనే జనంలోకి వెళ్లింది. ఎర్రకోటు కోకాకోలా సృష్టి అని ఎవరైనా రాస్తే కొట్టేయండి. ఆ సంస్థ ప్రకటనలకు హాడన్ సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడు బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో, అంతకు ముందే ఎర్రకోటు వాడుకలో ఉంది.

ధ్రువపు జింక అన్నాను కదా, ‘దుప్పి’ అని రాయకండి. దుప్పి మన అడవుల జంతువు. ‘రెయిన్‌డీర్’లోని ‘రెయిన్’ వాన కాదు, పగ్గమూ కాదు. స్కాండినేవియావాళ్ల పాత నార్సు భాషలో ఆ జంతువు పేరే ‘హ్రెయిన్’.

‘ఎక్స్‌మస్’ విషయంలో భయపడనక్కరలేదు. అక్కడున్నది ఇంగ్లీషు ఎక్స్ కాదు, గ్రీకు అక్షరం ‘ఖీ’. గ్రీకులో ‘ఖ్రిస్తోస్’ అనే పేరుకు అది మొదటి అక్షరం. చేతిరాత ప్రతుల్లో పవిత్ర నామాలను కుదించి రాయడం క్రైస్తవ లేఖకుల పాత అలవాటు. పేరు తీసేయడానికి కాదు, పేరుకు గుర్తుగానే ఆ అక్షరం వచ్చింది. కానీ తెలుగు లిపిలో ‘ఎక్స్‌మస్’ అని రాస్తే గ్రీకు అక్షరం పోయి, ఇంగ్లీషు అక్షరం పేరు మాత్రమే మిగులుతుంది. అందువల్ల తెలుగులో ‘క్రిస్మస్’ అనే రాయండి. మాటలో ‘టి’ పలకదు కనక ‘క్రిస్ట్‌మస్’, ‘క్రిష్టమస్’ రెండూ పొరపాట్లే. పాత ఇంగ్లీషులో ఇది ‘క్రిస్టెస్ మెస్సె’, 1038నాటికే రాతలో కనిపిస్తుంది. ‘మెస్సె’ అంటే గుడిలో జరిగే దివ్యపూజ. క్రీస్తు పేరిట చేసే పూజ అన్నమాట. ‘క్రీస్తు జయంతి’ అన్నా చక్కగానే ఉంటుంది. ‘క్రీస్తు పుట్టిన తేదీ డిసెంబరు 25’ అని మాత్రం రాయవద్దు, బైబిల్లో తేదీ లేదు. రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో ఈ తేదీకి క్రీస్తు జననం నమోదై ఉంది. అదే సంపుటంలో అదే తేదీకి సూర్యదేవుడి పండుగ కూడా కనిపిస్తుంది. ఒకటి ఇంకొకదాన్నుంచి వచ్చిందా, మార్చి 25న గర్భధారణ అనుకుని తొమ్మిది నెలలు లెక్కవేశారా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ‘జనన పండుగ’ అంటే నిక్కచ్చిగా ఉంటుంది.

చివరి ప్రశ్నకు జవాబు ‘జ్ఞానులు’. పసివాడైన యేసును చూడడానికి కానుకలతో వచ్చినవారిని గురించి మత్తయి సువార్తలో ‘తూర్పు దేశపు జ్ఞానులు’ అనే ఉంది, రాజులని లేదు, ముగ్గురని కూడా లేదు. కానుకలు మూడు కనక మనుషులనూ ముగ్గురిగా లెక్కపెట్టారు. సిరియా క్రైస్తవుల సంప్రదాయంలో వాళ్లు పన్నెండుగురు. రాజులు కానుకలు తెస్తారనే కీర్తనల గ్రంథంలోని మాటను ఈ ఘట్టానికి అన్వయించడంతో రాజులయ్యారు. గొల్లలు తొట్టి దగ్గరికి వెళ్లినట్టు లూకా చెబితే, జ్ఞానులు వచ్చింది ‘ఇంటిలోనికి’ అని మత్తయి చెబుతాడు. అందరినీ ఒకే పశువులపాకలో నిలబెట్టేది క్రిస్మస్‌కు పెట్టే బొమ్మల కొలువు సంప్రదాయమే.

ఆ కానుకల పేర్లను దిద్దేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. తెలుగు బైబిల్లో ‘బంగారమును సాంబ్రాణిని బోళమును’ అని ఉంది. బోళం సరిగ్గా సరిపోయింది. సాంబ్రాణి అనగానే మనకు తెలిసినది చాలావరకు సుమత్రా వైపు దొరికే చెట్టు బంక. జ్ఞానులు తెచ్చినది అరేబియా, తూర్పు ఆఫ్రికాల్లో పెరిగే వేరే చెట్టు బంక, సంస్కృతంలో కుందురు అనే జాతిది. వాక్యాన్ని ఉదహరించేటప్పుడు ‘సాంబ్రాణి’ని అలాగే ఉంచండి. వివరణ రాసేటప్పుడు మాత్రం ‘కుందురు జాతి సాంబ్రాణి’ అని చేర్చండి.