టెక్ సందేహాలు: అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి జీపీఎస్ జాకెట్ కొనాలా, గూగుల్ ఫామ్ సరిపోతుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఐదు మహిళల ఫుట్‌బాల్ గురించే ఉన్నాయి. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికొచ్చేలా ఉన్నాయి కాబట్టి, ఫోన్ స్టోరేజ్ నిండిపోయింది, వైఫై స్లోగా ఉంది లాంటివి వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే చోటిచ్చాను.

ప్రశ్న: నేను నిజామాబాద్ జిల్లాలో పీఈటీని. మా స్కూల్ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు బాగా ఆడుతోంది. పెద్ద క్లబ్బుల ప్లేయర్లు జెర్సీ కింద వేసుకునే నల్లటి జాకెట్ వల్ల ఏం తెలుస్తుంది? మేం కొనొచ్చా? స్మార్ట్‌వాచ్‌తో పని జరగదా?

మీ జిల్లా నుంచే సౌమ్య గుగులోత్ ఇండియా జట్టు దాకా ఎదిగి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి కూడా వెళ్లొచ్చింది, ఇక మీ పిల్లలకి ఈ జాకెట్ మీద ఆశ పుట్టడంలో వింతేముంది. ఆ జాకెట్‌లో ఏమీ లేదండీ, అసలు సంగతంతా వీపు మీద, రెండు భుజాల మధ్య ఉండే చిన్న జేబులో పెట్టే పరికరంలో ఉంటుంది. అందులో జీపీఎస్ చిప్, కదలికలు పసిగట్టే యాక్సెలరోమీటర్, గైరోస్కోప్ ఉంటాయి. ఆస్ట్రేలియా కంపెనీ కాటపల్ట్, ఉత్తర ఐర్లాండ్ కంపెనీ స్టాట్‌స్పోర్ట్స్ ఈ రంగంలో పెద్ద పేర్లు. జీపీఎస్ సెకనుకి దాదాపు 10 సార్లు ప్లేయర్ ఎక్కడుందో నమోదు చేస్తుంది, దాన్నిబట్టి మొత్తం ఎంత దూరం పరిగెత్తింది, అందులో వేగంగా ఎంత, ఎన్నిసార్లు ఒక్కసారిగా వేగం పెంచింది, ఎన్నిసార్లు బ్రేకేసినట్టు ఆగింది అనేవన్నీ లెక్క తేలతాయి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాళ్లకి దెబ్బ ఎక్కువ పడేది ఆ ఆగడంలోనే.

మామూలు వాచ్‌లు చాలావరకు సెకనుకి ఒక్కసారే జీపీఎస్ తీసుకుంటాయి. ఫుట్‌బాల్‌లో స్ప్రింట్ అంటే రెండు మూడు సెకన్ల వ్యవహారం. మూడు చుక్కలు కలిపి గీత గీస్తే అసలు వేగం ఎక్కడ తెలుస్తుంది? మొత్తం దూరం వరకు వాచ్ ఫర్వాలేదు, అంతకు మించి నమ్మకండి. పైగా మ్యాచ్‌లో రిఫరీ ఎలాగూ వాచ్ తీసేయమంటారు.

ఒకవేళ దాతలెవరైనా జాకెట్లు కొనిచ్చారే అనుకోండి, సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట చూడాల్సింది స్పీడ్ జోన్ల సెట్టింగ్. చాలాచోట్ల మగవాళ్ల లెక్కలే పెట్టి ఉంటాయి, గంటకి 25 కిలోమీటర్లు దాటితేనే స్ప్రింట్ అంటుంది. అమ్మాయి ప్రాణం పెట్టి 24తో పరిగెత్తినా రిపోర్టులో స్ప్రింట్లు సున్నా! ఆ సున్నా చూసి ఈ పిల్ల ఇవాళ బద్ధకించింది అనుకునే కోచ్‌లు ఉంటారు. 2019 మహిళల ప్రపంచకప్ మీద ఫిఫా వేయించిన ఫిజికల్ రిపోర్టులో 19 నుంచి 23 వరకు ఒక జోన్, 23 పైన స్ప్రింట్ అని పెట్టారు. అవి ప్రపంచ స్థాయి ప్లేయర్ల అంకెలు, మీ పదో తరగతి పిల్లలకి అవి కూడా ఎక్కువే. ఒక్కొక్కరి గరిష్ఠ వేగం ఒకసారి కొలిచి, అందులో ఇన్ని శాతం అని పెట్టుకోవడం మేలు.

నన్నడిగితే మాత్రం ఇప్పుడే కొనకండి. పరికరాల ధరతో అయిపోదు, సాఫ్ట్‌వేర్ చందా కూడా కడుతూ ఉండాలి, చార్జింగ్, డేటా దించుకోవడం, అంకెలు చూసి అర్థం చేసుకోవడం, వీటన్నిటికీ ఒక మనిషి కావాలి. పెద్ద క్లబ్బులు జాకెట్‌తో పాటు వాడే ఇంకో పద్ధతి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చింది. ప్రాక్టీస్ అయ్యాక అరగంట ఆగి (వెంటనే అడిగితే ఆఖరి ఐదు నిమిషాల ఆయాసమే చెబుతారు) ఒక్కో అమ్మాయిని ఇవాళ ఎంత కష్టమనిపించిందో గూగుల్ ఫామ్‌లో 0 నుంచి 10 లోపు మార్కు పెట్టమనండి. దాన్ని ప్రాక్టీస్ చేసిన నిమిషాలతో గుణించండి. 60 నిమిషాలు, కష్టం 5 అయితే ఆ రోజు లోడ్, అంటే ఒంటి మీద పడ్డ భారం, 300. అంతే.

ఇప్పుడు షీట్‌లో వేసుకుంటే ఏం తెలుస్తుందో చూడండి. ఒక అమ్మాయికి సోమవారం సెలవు, మంగళ 300, బుధ 450, గురు 360, శుక్ర 150, శనివారం 60 నిమిషాల మ్యాచ్‌కి 9 చొప్పున 540, ఆదివారం సెలవు. మొత్తం 1800. ఇంకో అమ్మాయికి సోమవారం నుంచి శనివారం దాకా రోజూ 300, ఆదివారం సెలవు. అదీ 1800. మొత్తం చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ రోజువారీ సగటుని స్టాండర్డ్ డీవియేషన్‌తో, అంటే అంకెలు సగటు నుంచి ఎంత అటూఇటూ అయ్యాయో చెప్పే కొలతతో, భాగించండి (గూగుల్ షీట్స్‌లో యావరేజ్, ఎస్‌టీడీఈవీ ఫార్ములాలు, సున్నా రోజులు కూడా కలపాలి), మొదటి అమ్మాయికి 1.2 వస్తుంది, రెండో అమ్మాయికి 2.27. దీన్ని మోనాటనీ అంటారు. 2 దాటితే జాగ్రత్తపడాలని ఫాస్టర్ లెక్క. రోజూ ఒకే మోతాదులో తోమితే ఒంటికి కోలుకునే సందు దొరకదు. మన దగ్గర టోర్నమెంట్ ముందు క్యాంపుల్లో జరిగేది సరిగ్గా ఇదే!

పొద్దున పూట ఇంకో ఫామ్ పెట్టండి. నిద్ర, అలసట, ఒళ్లు నొప్పులు, టెన్షన్, మూడ్, ఈ ఐదింటికి 1 నుంచి 5 మార్కులు, 5 అంటే బాగుంది అని. ఒక అమ్మాయిని ఇంకో అమ్మాయితో పోల్చకండి, కొందరు ఎప్పుడూ 3 పెడతారు, అది వాళ్ల స్వభావం. ఎవరి అంకెని వాళ్ల సొంత నెల సగటుతో పోల్చాలి. ఎప్పుడూ 4 పెట్టే పిల్ల రెండు రోజులు వరసగా 2 పెడితే పిలిచి మాట్లాడండి. ఫామ్ సెట్టింగ్స్‌లో అందరి జవాబుల సమ్మరీ చూపించే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, షీట్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫోన్ లేని పిల్లలకి చీటీ చాలు. ముఖ్యంగా, తక్కువ మార్కు పెట్టిన రోజే ఒక అమ్మాయిని జట్టులోంచి తీశారనుకోండి, మర్నాటి నుంచి అందరూ 5 పెడతారు, ఇక ఆ ఫామ్ దండగ. మార్కు చూసి ప్రాక్టీస్ తగ్గించండి, జట్టులో చోటు మీద దాన్ని వాడకండి.

ప్రశ్న: చేతికి స్మార్ట్ రింగ్ పెట్టుకుంటే పొద్దున్నే రెడీనెస్ స్కోర్ (ఒళ్లు ఆటకి ఎంత సిద్ధంగా ఉందో చెప్పే అంకె) ఇస్తుంది కదా, మళ్లీ ఈ ఫామ్‌లు ఎందుకు? (హైదరాబాద్ నుంచి ఒక క్లబ్ ప్లేయర్)

ఆ స్కోర్ నిద్ర, గుండె కొట్టుకునే వేగం, గుండె చప్పుళ్ల మధ్య వచ్చే తేడాలు, ఒంటి వేడి లాంటివాటితో కంపెనీ తన సూత్రం ప్రకారం వండిన అంకె, ఆ సూత్రం మీకు పూర్తిగా చెప్పదు. ఉంటే వాడుకోండి, ఒక్క రోజుది కాకుండా వారం ధోరణి చూడండి. అయితే 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక సమీక్ష పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, ట్రైనింగ్ భారం పెరిగిందనే సంగతి రక్త పరీక్షలు, గుండె కొలతల కంటే ప్లేయర్ స్వయంగా చెప్పే జవాబుల్లోనే ముందు, స్పష్టంగా కనిపిస్తోందని తేల్చింది. రింగ్ 85 అంటోంది, మీకేమో మెట్లు ఎక్కుతుంటే తొడలు లాగేస్తున్నాయి. తొడల మాటే వినండి.

ప్రశ్న: నేను బీటెక్ ఫైనలియర్. ప్రాజెక్ట్ కోసం సాకర్‌మాన్ డేటాసెట్ తీసుకున్నాను. ఏసీడబ్ల్యూఆర్ లాంటి ఫీచర్లతో గాయాలు ముందే చెప్పే మోడల్ చేశా, 97 శాతం యాక్యురసీ వచ్చింది. గైడ్‌గారు నమ్మడం లేదు.

మీ గైడ్‌గారికి నా నమస్కారాలు చెప్పండి.

ముందు తెలియనివాళ్ల కోసం: సాకర్‌మాన్ నార్వేలోని రెండు అగ్రశ్రేణి మహిళా జట్ల నుంచి 2020, 2021 సీజన్లలో సేకరించిన డేటా. ప్లేయర్లు ఫోన్ యాప్‌లో ఇచ్చిన రిపోర్టులు 33,849, జీపీఎస్ రిపోర్టులు 10,075, మైదానంలో ఎక్కడున్నారనే కొలతలు 600 కోట్లకి పైగా. పేర్లు తీసేసి పరిశోధనకి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మహిళల ఆట మీద ఇంత డేటా బయటికి రావడం అరుదు, మీరు మంచిదే ఎంచుకున్నారు.

ఇక 97 శాతం సంగతి. గాయమైన రోజులు ఎన్ని, కాని రోజులు ఎన్ని లెక్కపెట్టారా? ఏ ప్లేయర్‌కైనా గాయం కాని రోజులే ఎక్కువ. మీ మోడల్ ఏమీ ఆలోచించకుండా ప్రతి రోజూ గాయం లేదు అని చెప్పినా ఆ దరిదాపు మార్కులు వచ్చేస్తాయి. కాబట్టి యాక్యురసీ పక్కన పెట్టి, నిజంగా గాయమైన వాటిలో ఎన్ని పట్టుకుంది, ఊరికే ఎన్నిసార్లు అలారం కొట్టింది, ఈ రెండే రాయండి. రెండోది, ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ వరసల్ని కలగలిపి యాదృచ్ఛికంగా విడగొట్టి ఉంటారు, అందరూ మొదట చేసే పనే. అప్పుడు ఒక ప్లేయర్ మంగళవారం ట్రైనింగ్‌లో, బుధవారం టెస్ట్‌లో పడుతుంది, మోడల్ గాయాన్ని కాదు ఆ ప్లేయర్‌ని గుర్తుపడుతుంది. కాలం ప్రకారం విడగొట్టండి, 2020తో నేర్పించి 2021 మీద పరీక్షించండి, లేదా ఒక జట్టుతో నేర్పి రెండో జట్టు మీద చూడండి. మార్కులు పడిపోతాయి. పడిపోయిన మార్కులే నిజమైనవి.

ఖాళీ గడుల విషయంలో ఇంకా జాగ్రత్త. రిపోర్ట్ ఇవ్వని రోజుకి సగటు నింపేయడం తేలిక, కానీ ప్లేయర్ ఆ రోజు ఎందుకు ఇవ్వలేదు? మర్చిపోయిందా, ఒంట్లో బాగోలేదా, కోచ్ మీద కోపమా? ఇవ్వకపోవడం కూడా ఒక సమాచారమే, దానికి ఒక కాలమ్ పెట్టండి. ఆ రెండేళ్లూ కోవిడ్ కాలం అని కూడా రిపోర్టులో రాయండి.

మీరు ఫీచర్‌గా వాడిన ఏసీడబ్ల్యూఆర్ గురించి: ఈ వారం లోడ్‌ని, ఈ వారంతో కలిపి నాలుగు వారాల సగటుతో భాగిస్తే వచ్చేది అది. క్రీడా శాస్త్రవేత్త టిమ్ గాబెట్ 2016 వ్యాసంతో దీనికి బాగా పేరొచ్చింది, 0.8 నుంచి 1.3 లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే ప్రమాదం అని క్లబ్బులన్నీ గోడల మీద రాసుకున్నాయి. తర్వాత ఇంపెల్లిజ్జెరీ లాంటి పరిశోధకులు దాన్ని గట్టిగా తప్పుబట్టారు. ఈ వారం లోడ్ పైనా ఉంది, కింద సగటులోనూ ఉంది, అందువల్ల లెక్కల్లోనే లేని సంబంధం పుట్టుకొస్తుందన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. వాడొద్దని అనను, దాన్ని నమ్మి ప్రాజెక్ట్ మొత్తం కట్టొద్దంటున్నా. గాయాల అంచనా వదిలేసి, ప్లేయర్ తనకి తానే ఇచ్చుకునే రేపటి రెడీనెస్ మార్కు అంచనా వేయండి, ‘నిన్నటి మార్కే ఇవాళా’ అనే అతి సాదా లెక్కని మీ మోడల్ ఓడిస్తుందో లేదో చూపించండి. ఓడించకపోయినా అదొక ఫలితమే, వైవాలో ధైర్యంగా చెప్పొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, బయటి రాష్ట్రంలో అకాడమీలో ఉంది. పీరియడ్స్ వివరాలు కూడా యాప్‌లో నింపమంటున్నారట. ఇవ్వనివ్వాలా? నాకు భయంగా ఉంది.

అడగడంలో తప్పు లేదమ్మా. 2019లో ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టు ఫిటర్‌ఉమన్ అనే యాప్‌తో ఇదే చేసింది, 2020లో ఎమ్మా హేస్ కోచ్‌గా ఉన్న చెల్సీ మహిళా జట్టు కూడా. నెలసరి వరసగా నెలల తరబడి ఆగిపోతే అది తిండికి మించి ఆడుతోందనడానికి గుర్తు కావచ్చు, ఎముకల మీద దెబ్బ పడుతుంది. ట్రైనింగ్ బాగా జరుగుతోంది కాబట్టే ఆగింది అని ఎవరైనా అంటే నమ్మకుండా డాక్టర్‌కి చూపించండి. ఆ కోణంలో రాసిపెట్టుకోవడం మంచిదే. కానీ ఈ వారం ఫలానా దశ కాబట్టి ఇలా ఆడాలి అని యాప్ చెప్పే జోస్యాలకి గట్టి ఆధారం లేదు, క్యాలెండర్ లెక్కతో అండం విడుదల రోజు చెప్పడం అంచనా మాత్రమే. కడుపునొప్పి, నీరసం, నిద్రలేమి లాంటి లక్షణాలు రాసుకుంటే ఎక్కువ ఉపయోగం.

మీ భయం మాత్రం ఊరికే వచ్చింది కాదు. ఫ్లో అనే పీరియడ్ యాప్ వాడేవాళ్ల ఆరోగ్య వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకి చేరాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది, 2021లో ఆ కేసు రాజీ అయింది. అందుకని అకాడమీని మూడు అడగండి: ఈ వివరాలు ఎవరు చూస్తారు, అకాడమీ వదిలేశాక తుడిచేస్తారా, ఇవ్వకపోతే ఏమవుతుంది? డాక్టర్ లేదా ఫిజియో మాత్రమే చూస్తారు, కోచ్‌కి ‘ఇవాళ తగ్గించండి’ అన్న మాట ఒక్కటే వెళ్తుంది అంటే సరే. కోచ్, మేనేజర్, ఆఫీసు గుమస్తా అందరికీ కనిపించే షీట్ అయితే వద్దనండి. మన 2023 డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్లని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, కాబట్టి అడిగే హక్కు మీకుంది, మొహమాటం వద్దు. అనుమతి ఇచ్చే ముందు అమ్మాయినీ అడగండి, ఒళ్లు తనది. ఇంగ్లండ్ మహిళా జట్టు ఈ విషయంలో 2023లో చేసిన మంచి పనికి యాప్‌తో సంబంధమే లేదు, ప్లేయర్ల ఇబ్బంది విని తెల్ల షార్ట్స్ తీసేసి నీలం రంగువి ఇచ్చారు. మీ అకాడమీ నిక్కర్లు ఏ రంగో అదీ అడగండి.

ప్రశ్న: మోకాలి ఏసీఎల్ (కీలుని పట్టి ఉంచే లిగమెంట్) గాయం ముందే పసిగట్టే యాప్ ఏదైనా ఉందా?

ప్రకటనల్లో కనిపిస్తాయి గానీ, నేను డబ్బు పెట్టమని చెప్పగలిగింది ఒక్కటీ లేదు. 2023 ప్రపంచకప్ ముందు ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్సన్, బెత్ మీడ్, నెదర్లాండ్స్ స్టార్ మీడమా అందరూ ఈ గాయంతోనే ఇంట్లో కూర్చున్నారు, అప్పుడు ముగ్గురూ ఆడుతున్న ఆర్సెనల్ క్లబ్బులో జీపీఎస్‌కీ డాక్టర్లకీ కొదవ లేదు. బదులుగా ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్ ఉంది, ఉచితం, బంతి తప్ప సామాను అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 1,892 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు, చేసినవాళ్లలో తీవ్రమైన గాయాలు తగ్గాయి. వీడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే గ్రౌండ్‌లో సిగ్నల్ లేకపోయినా పర్లేదు. వారానికి రెండు మూడుసార్లయినా చేయించాలి, మ్యాచ్ రోజు మాత్రమే చేస్తే లాభం లేదు.