సీడీ డ్రైవ్ కొనకు, పెన్‌డ్రైవ్ తెచ్చుకో

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

సీడీ డ్రైవ్ లేని కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎలా వేయాలని రాత్రి నువ్వు అడిగినదానికి ఫోన్‌లో సగం చెప్పాను. మిగతా సగం చెప్పేలోపు మీ అమ్మ ఫోన్ లాక్కుని అప్పడాల పిండి సంగతి ఎత్తుకుంది. అందుకే ఈ ఉత్తరం. విండోస్ వేస్తున్నంతసేపూ ఆ ల్యాప్‌టాప్‌లో వేరే ఏదీ చదవడం కుదరదు కాబట్టి దీన్ని అచ్చు తీయించి పక్కన పెట్టుకో.

ముందుగా, దుకాణంలో అంటగట్టాలని చూసిన ఆ బయటి డీవీడీ డ్రైవ్ కొనకు. ల్యాప్‌టాప్‌కు డ్రైవ్ లేదు కాబట్టి విండోస్ ఎక్కదు అన్నది ఎప్పటి మాటో. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైల్, అంటే మొత్తం డిస్కును ఒకే ఫైల్‌గా కట్టిన మూట, 5 జీబీ దాటిపోయింది. డ్రైవ్ కొన్నా డిస్కులో అది పట్టదు. రెండు పొరల డీవీడీ కోసం ఊరంతా తిరగాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విండోస్ 95ను 13 ఫ్లాపీల మీద ఎక్కించేవాళ్లం. పన్నెండోది చెడిపోతే మళ్లీ మొదటికి. అక్కడి నుంచి సీడీకి, సీడీ నుంచి డీవీడీకి, డీవీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కు వచ్చాం. తెచ్చే సంచి మారింది, లోపలి సరుకు అదే.

నేను సీడీ డ్రైవ్‌ను వదిలించుకున్నది తెలివితేటలతో కాదులే, హుద్‌హుద్ పుణ్యమా అని. 2014 అక్టోబరు 12న తుపాను మన ఊరి మీదే తీరం దాటింది కదా. రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ అద్దాలు పగిలి ఉప్పు నీళ్లు గదిలోకి కొట్టాయి. కరెంటు వచ్చాక కంప్యూటర్ వెలిగింది కానీ సీడీ ట్రే తెరుచుకోలేదు. ముందు భాగంలో సూది బెజ్జం ఒకటి ఉంటుంది. పేపరు క్లిప్పు తిన్నగా సాగదీసి అందులో గుచ్చి బయటికి లాగాను. లోపలి పట్టాలు తుప్పు పట్టి గోధుమ రంగు పొడి రాలింది. అప్పుడు మొదటిసారి పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేశాను. సముద్రపు గాలి తగిలే ఇంట్లో తిరిగే భాగాలున్న వస్తువు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని అప్పటి నుంచి నా నమ్మకం.

సరే, పనిలోకి వద్దాం. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. నువ్వు 16 జీబీది తీసుకో. ఫుట్‌పాత్ మీద రెండు వందలకు రెండు టీబీ అని అమ్మేవి ముట్టుకోవద్దు. అందులో ఉన్నది వదిలేసుకోవాల్సిందే, తయారుచేసేటప్పుడు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మీ నాన్న పాత డెస్క్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత సైట్ తెరిచి, విండోస్ 11 మీడియా క్రియేషన్ టూల్ దించుకో. ఆ సాధనం తనే ఫైల్ తెచ్చుకుని తనే పెన్‌డ్రైవ్ మీద ఎక్కిస్తుంది. రూఫస్ అని ఇంకో సాధనం ఉంది, నాకు అదే ఇష్టం. కానీ అందులో డిస్కును విభజించే పద్ధతి జీపీటీనా ఎంబీఆరా, యంత్రం ఆన్ కాగానే మేలుకునే ప్రోగ్రాం యూఈఎఫ్ఐనా పాత బయాసా అని అడుగుతుంది. మొదటిసారికి నీకు ఆ తలనొప్పి వద్దు. ఎప్పుడైనా వాడితే, కొత్త యంత్రాలకు జీపీటీ, యూఈఎఫ్ఐ అని గుర్తుంచుకో.

చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. ఐఎస్‌ఓ ఫైల్ దించుకుని దాన్ని మౌస్‌తో లాగి పెన్‌డ్రైవ్‌లో పడేస్తారు. తరవాత దాని నుంచి యంత్రం మొదలవడం లేదని, అంటే బూట్ కావడం లేదని గోల. బియ్యం బస్తా తెచ్చి విస్తరిలో నిలబెడితే భోజనం అవుతుందా? ఆ ఫైల్‌ను విప్పి, బూట్ అయ్యే పద్ధతిలో పరచాలి. ఆ వంట చేసేదే ఈ సాధనం. ఇంకో మాట. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మేలుకునే ఆ యూఈఎఫ్ఐకి చదవడం వచ్చినది ఫ్యాట్32 అనే, ఫైళ్లను సర్దే పద్ధతి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. విండోస్‌లోని పెద్ద ఫైల్ ఒక్కోసారి ఆ గీత దాటుతుంది. చేత్తో కాపీ చేసేవాళ్లు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటారు. సాధనాలు ఆ ఫైల్‌ను కుదించో, వేరే దారి చూపించో దాటిస్తాయి.

పెన్‌డ్రైవ్ తయారయ్యాక వెంటనే ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తకు. ల్యాప్‌టాప్ అడుగున మోడల్ నంబరు ఉంటుంది. ఆ కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి రెండు డ్రైవర్లు, అంటే ఒక్కో భాగాన్ని విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రాములు, దించుకో. ఒకటి వైఫైది. రెండోది డిస్కుకు సంబంధించిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్. దించిన వాటిని విప్పి, డ్రైవర్లు అని ఒక ఫోల్డర్ చేసి అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచు. విప్పకుండా జిప్ ఫైల్‌లానే పెడితే లాభం లేదు. ఎందుకంటే, నీది పదకొండో తరం తరవాతి ఇంటెల్ అన్నావు. అలాంటి వాటిలో కొన్నింటికి డిస్కును వీఎండీ అనే ద్వారపాలకుడి వెనక పెడతారు. విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఆ ద్వారపాలకుడి భాష రాకపోతే డిస్కే లేదంటుంది. నిక్షేపంగా ఉన్న డిస్కు పోయిందనుకుని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లినవాళ్లను చూశాను. అలా వస్తే కంగారు పడకుండా ఆ పేజీలోనే ఉన్న లోడ్ డ్రైవర్ నొక్కి, నువ్వు దాచిన ఫోల్డర్ చూపించు. డిస్కు కనపడుతుంది.

ఛార్జర్ తగిలించు, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. గాజువాకలో కరెంటు ఎప్పుడు పోతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేసిన మరుక్షణం నుంచి బూట్ మీట వరసగా తట్టు. డెల్, లెనోవో అయితే ఎఫ్12. హెచ్‌పీ అయితే ముందు ఎస్కేప్, తరవాత ఎఫ్9. ఒకసారి నొక్కి ఊరుకుంటే సమయం తప్పుతుంది, వాకిట్లో పక్కింటివాళ్లు తలుపు కొట్టినట్టు టకటకా కొట్టు. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకో. అసలు కనపడకపోతే వేరే పోర్టులో గుచ్చి చూడు, ఒక పోర్టును నాలుగు చేసే హబ్బుల ద్వారా వద్దు.

ప్రొడక్ట్ కీ అడిగితే, నీది విండోస్ లేకుండా వచ్చిన డాస్ ల్యాప్‌టాప్ కాబట్టి, కీ లేదు అని చెప్పి ముందుకు వెళ్లవచ్చు, లైసెన్సు తరవాత కొనుక్కోవచ్చు. దుకాణంలో ఐదు వందలకు యాక్టివేట్ చేసిస్తామన్నది దొంగ సరుకు. దాంతో పాటు ఇంకేమేమి వస్తాయో ఎవరూ చెప్పరు. నువ్వు బ్యాంకు పాస్‌వర్డులు టైపు చేసే యంత్రం అది.

తరవాత వచ్చేది డిస్కుల పేజీ. ఇక్కడ ఆగు. కుర్చీలోంచి లేచి, ల్యాప్‌టాప్‌కు ఆ పెన్‌డ్రైవ్, ఛార్జర్ తప్ప ఇంకేదైనా తగిలించి ఉందేమో చుట్టూ చూడు.

2016లో నేను చూడలేదు. మీ తాతయ్య షష్టిపూర్తి ఫోటోలన్నీ ఉన్న బయటి హార్డ్‌డిస్కు వెనక పోర్టులో ఉండిపోయింది. తెర మీద పెన్‌డ్రైవ్ కాక డ్రైవ్ 0, డ్రైవ్ 1 అని రెండు వరసలు. రెండూ 500 జీబీవే కాబట్టి రెండింటి ఎదుటా 465.8 అనే ఉంది. ఒకటి ఎంచుకుని డిలీట్ నొక్కాను. నిజంగానా అని అడిగింది. నిజంగానే అన్నాను. అక్కడే కొత్త పార్టిషన్, అంటే డిస్కులో కొత్త ముక్క, చేసి ఫార్మాట్ కూడా నొక్కాను. పది నిమిషాల తరవాత కంప్యూటర్ వెనక నీలం దీపం మినుకుమినుకుమంటుంటే అప్పుడు గుండె జారింది. వెంటనే తీగ పీకేశాను. తరవాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగం ఫోటోలు దొరికాయి, పేర్లు లేకుండా, వరస లేకుండా. మీ అమ్మమ్మ తలంబ్రాలు పోస్తున్న ఫోటోలో ఇప్పటికీ కింది సగం బూడిద రంగే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అది ఇంకా మరిచిపోలేదు.

నీ తెర మీద రెండు డిస్కులే ఉండాలి. నీ 512 జీబీ డిస్కు 476 దగ్గర కనపడుతుంది, 16 జీబీ పెన్‌డ్రైవ్ 14 ప్రాంతంలో కనపడుతుంది. లెక్క తక్కువ వచ్చిందని దుకాణంవాడిని అనుమానించకు. కంపెనీ వెయ్యేసి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున. 476 ఉన్న డిస్కులోని ముక్కలన్నీ తీసేసి, ఖాళీ స్థలాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే మిగతా పార్టిషన్లు అదే చేసుకుంటుంది. ఈ మాట కొత్త ల్యాప్‌టాప్‌కే. వాడుతున్న దానికైతే ముందు సామాన్లు సర్దుకుని, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే ఆ పేజీకి రావాలి.

అక్కడి నుంచి నీకు పెద్దగా పని లేదు, టీ పెట్టుకో. మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్ తీసేయి. ఉంచితే కొన్ని యంత్రాలు మళ్లీ మొదటి పేజీకే పోతాయి. చివర్లో ఇంటర్నెట్ కావాలంటుంది. వైఫై పలకకపోతే నీ ఫోన్‌ను తీగతో కలిపి, ఫోన్ ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ వేయి. అది అయ్యాక పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి, అందులో దాచిన వైఫై డ్రైవర్ వేసి, విండోస్ అప్‌డేట్‌ను ఒక గంట దాని మానాన వదిలేయి.

అంతా అయ్యాక ఆ పెన్‌డ్రైవ్ వెంటనే చెరపకు. ఆదివారం ఇక్కడికి వస్తావు కదా, తీసుకురా. మీ అత్తయ్య కంప్యూటర్ ఇంకా విండోస్ 10 మీదే ఉంది. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ యంత్రం విండోస్ 11 అర్హతలకు సరిపోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, ప్రాసెసర్ ఆరో తరానిది. ఆ పెన్‌డ్రైవ్‌ను ఇక్కడ తుడిచి, విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ మింట్‌ను దాని మీద ఎక్కించి, నీ చేతే వేయిద్దామనుకుంటున్నాను. దాన్ని డిస్కు మీద వేయకముందే పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. అత్తయ్యకు నచ్చితేనే వేద్దాం, లేకపోతే తీసేద్దాం. బయటి హార్డ్‌డిస్కు బీరువాలో పెట్టి తాళం చెవి అత్తయ్యకే ఇచ్చేశాను.

ఇట్లు,
మామయ్య